దేవదానం ఇంగ్లీషు

నా కాలు ఎట్లా విరిగిందో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. విరిగిన కాలితో మంచంలో పడి ఉండి నేను చేసిన ఘనకార్యం రాయడానికే ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని బడి మెట్లు ఎక్కుతున్నాను, పిల్లల మీద మునుపటిలాగే కేకలు వేస్తున్నాను, కాబట్టి బాగుపడ్డట్టే లెక్క. ఎక్కడైనా ఒక ముసలమ్మ మంచం పట్టి ఉండి, ఆమె తరపున మాట్లాడడానికి నాలాంటి చదువుకున్న మనిషి ఒకతె తయారుగా ఉంటే, ఆ మనిషి ఇది చదవాలని రాస్తున్నాను. ముసలమ్మ చదవనక్కర్లేదు. ఆమెకు ఇదంతా ముందే తెలుసు.

1943, మాఘమాసం

వనపర్తిలో ఆడపిల్లల బడికి నేను పెద్దపంతులమ్మను. మా నాయన మిషన్ బడిలో పంతులు. నన్ను మద్రాసు పంపి బి.ఏ. దాకా చదివించాడు. ఇంగ్లీషు అక్కడ నేర్చుకున్నాను. నోరు మాత్రం పుట్టినప్పుడే తెచ్చుకున్నాను.

ఆ రోజు బడి జవాను బాలయ్య గోడకు పటం తగిలిస్తున్నాడు. ఆసియాఖండం ఒక పక్కకు ఒరిగి ఉంది.

"వంకర పెట్టావు" అన్నాను.

"పటం సక్కగనే ఉన్నదమ్మా. గోడనే వంకర."

"నలభై ఆరేళ్ళు వచ్చాయి నాకు. ఏది వంకరో నాకు తెలియదా? దిగు."

బాలయ్య దిగాడు. నేను బల్ల మీద స్టూలు వేసి ఎక్కాను. ఆ తరువాత నాకు గుర్తున్నది పైకప్పు వాసాలు, పిల్లల ఏడుపు, తొడ ఎముక దగ్గర ఎవరో కొడవలి పెట్టి తిప్పుతున్నట్టు ఒక నొప్పి. గోడ నిజంగానే వంకర. తరువాత ఒక తాపీమేస్త్రీని అడిగి తెలుసుకున్నాను.

దవాఖానా వరండాలో మిట్టమధ్యాహ్నం దాకా తలుపు చెక్క మీద పడుకుని ఉన్నాను. డాక్టరు సాహెబు ఏదో ఊరికి పోయాడు. పక్కన జ్వరం పిల్లలు, తేలు కుట్టిన ఒక గొర్రెలకాపరి. నేను మాత్రం వచ్చిపోయేవాళ్ళందరికీ నా నొప్పి గురించి చెప్పాను, డాక్టరు రాకపోవడం గురించి చెప్పాను, రాజ్యం నడిచే తీరు గురించి కూడా చెప్పాను. ఆ గొర్రెలకాపరి ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి భుజం దాకా వాచి ఉంది. డాక్టరు రాగానే ముందు నన్ను చూశాడు. అప్పుడు నాకు అది న్యాయంగానే తోచింది.

తుంటి కింద ఎముక విరిగిందన్నాడు. కాలికి బరువు కట్టి మూడు నెలలు కదలకుండా పడుకోవాలి, ఇక్కడ కుదరదు, గద్వాలకు పొమ్మన్నాడు. గద్వాల ఊరి చివర ఒక మిషన్ వాళ్ళు దిక్కులేని ముసలమ్మల కోసం ఒక ఇల్లు నడుపుతారు. ఏ మిషన్ అన్నది ఇక్కడ అనవసరం. అక్కడ ఆరు మంచాలు, ఒక నర్సు, ఒక కాంపౌండరు. పదిహేను రోజులకొకసారి కర్నూలు నుంచి రైల్లో డాక్టరు దొరసాని వస్తుంది. ఒక మంచం ఖాళీగా ఉందట.

"ముసలమ్మల ఇల్లా? నన్ను నా తమ్ముడి ఇంట్లోనే ఉంచండి. అక్కడే కాలికి బరువుగా ఇటుకలు కట్టించుకుంటాను" అన్నాను.

నా తమ్ముడు శామ్యూలు నేల చూశాడు. మరదలు రూతమ్మ చూడలేదు. ఆమె నిండు చూలాలు.

"మూడు నెలలు మంచంల పండుకోని కూర ఎట్ల వండాల్నో, చంటిపిల్లను ఎట్ల ఎత్తుకోవాల్నో నాకు నేర్పుతవు వదినె. నాతోని కాదు. నీ కాలు అతుకుతది, నా పానం పోతది."

రూతమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె మీద నాకు అప్పటిదాకా పెద్ద అభిప్రాయం లేదు. ఆ మాటతో ఉన్నది కూడా పోయింది. అయినా నిజం నిజమే. గద్వాలకు పోయాను. రైలు ఊగినప్పుడల్లా అరిచాను. గంపలో ఉల్లిగడ్డలు పెట్టుకున్న ఒకామె అడగకుండానే తన తల మీది చుట్టకుదురు తీసి నా మోకాలి కింద పెట్టింది. గద్వాలలో దిగేటప్పుడు తిరిగి తీసుకుని నెత్తిన పెట్టుకుని పోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఫాల్గుణం

పెంకుల కప్పుతో పొడుగాటి హాలు. అటు మూడు, ఇటు మూడు మంచాలు. ప్రతి మంచం తలవైపు గోడకు ఒక పలక. డాక్టరు దొరసాని వచ్చినప్పుడు దాని మీద సుద్దతో ఒక అంకె వేస్తుంది. నొప్పి తగ్గడానికి ఇచ్చే నల్లమందు ద్రావకం రోజుకు ఎన్ని చుక్కలో ఆ అంకె. సీసా బీరువాలో ఉంటుంది. తాళంచెవి నర్సు మార్తమ్మ నడుముకు ఉంటుంది.

నా పాదానికి పట్టీ చుట్టి, తాడు కట్టి, మంచం చివర గిలక మీదుగా ఇటుకలు వేలాడదీశారు. ఎవరి చీర ఆ ఇటుకలకు తగిలినా నా కేక స్టేషన్ దాకా వినపడేది.

పక్క మంచం ఈరమ్మది. ఇటిక్యాల వైపు మనిషి. జొన్నచేలల్లో, వేరుశనగ చేలల్లో కూలి చేసి చేసి ఒళ్ళంతా ఎండిపోయింది, ఒక్క కడుపు తప్ప. కడుపులో గడ్డ. దానికి చేసేదేమీ లేదని డాక్టరు ముందే చెప్పేసిందట. కూతురు సవారమ్మ నెలకొకసారి నడిచి వచ్చి చూసి పోయేది.

ఈరమ్మకు ఒక అలవాటు. పొద్దస్తమానం చీరకొంగు నోట్లో పెట్టుకుని నమిలేది. నాకు అసహ్యం.

"ఈరమ్మా, అదేమన్నా చెరుకుగడా?" అన్నాను ఒకరోజు.

"చెరుకైతే రసమన్న వస్తుండె పంతులమ్మా."

"మరెందుకు నములుతావు?"

"పండ్లు ఊరికె ఉండొద్దని. నీకు మాటలున్నయి, నాకు కొంగున్నది."

హాలంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇటుకలు ఊగి కేక పెట్టాను. మళ్ళీ నవ్వారు. ఆ ముసలమ్మలు నవ్వినంతగా మా బడిపిల్లలు కూడా నవ్వరు.

మార్తమ్మ గుంటూరు మనిషి. చెయ్యి శుభ్రం, మనసు మంచిది, నియమం గట్టిది. నేను వచ్చిన రోజే చెప్పింది: "ఇది దవాఖానా కాదండీ, ఆశ్రయం. మూలిగి, కేకలేసి పక్కవాళ్ళని నిద్రపోనివ్వని వాళ్ళని మేం ఉంచుకోలేం. ఇంటికి పంపించేస్తాం."

"నేను కేకలు వేస్తున్నాను కదా?" అన్నాను.

"మీ సంగతి వేరండీ."

ఎందుకు వేరో నేను అడగలేదు. అడగవలసినవన్నీ అడిగే మనిషిని, అది మాత్రం అడగలేదు.

మొదటి గురువారం దొరసాని వచ్చింది. పొద్దుటి బండిలో వచ్చి సాయంత్రం బండిలో పోవాలి. తెలుగు పది మాటలకు మించి రాదు. ఆమె ఇంగ్లీషు, ముసలమ్మల తెలుగు అటూ ఇటూ చేరవేసేది కాంపౌండరు దేవదానం. ఆ చేరవేత విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

"ఎట్లున్నవ్ ఈరమ్మా?" అని అడిగాడు.

"నడుస్తున్నది నాయనా."

అతను ఆమె ముఖం కూడా సరిగా చూడలేదు. ఒళ్ళో ఉన్న కొంగు వైపు ఒక చూపు చూసి దొరసాని వైపు తిరిగాడు. "మేడం, టూ మచ్ పెయిన్. ఆల్ డే పెయిన్, ఆల్ నైట్ పెయిన్."

దొరసాని పలక మీద పదిహేను వేసింది.

అవతలి మంచంలో లచ్చమ్మ "దేవుని దయ, మంచిగున్న" అంది. "టూ మచ్ పెయిన్, మేడం." ఇంకొకామె "జర మోకాళ్ళు పట్టినయి, గంతే" అంది. "టూ మచ్ పెయిన్." అందరికీ ఒకటే పాట. ఒక్క నా దగ్గరికి వచ్చేసరికి దేవదానం తప్పుకుని నిలబడ్డాడు. నా నొప్పి నేనే చెప్పుకున్నాను. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు అని విభజించి మరీ చెప్పాను. దొరసాని ముఖం విప్పారింది. ఇంత చక్కని ఇంగ్లీషు ఈ ఊళ్ళో వింటానని అనుకోలేదంది. నా పలక మీద ఇరవై వేసింది.

ఆమె పోయిన తరువాత దేవదానాన్ని పిలిచాను.

"ఈరమ్మ ఏమన్నది, నువ్వు ఏం చెప్పావు?"

"ఆమె చెప్పిందే చెప్పినమ్మా."

"నాకు రెండు భాషలూ వచ్చు. ఆమె నడుస్తున్నదంది. నువ్వు ప్రాణం పోతున్నదన్నావు. మిగిలిన చుక్కలు ఎక్కడ అమ్ముకుంటున్నావు?"

దేవదానం నల్లటి సన్నటి మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. ముఖం ఒక్కసారి బొగ్గయింది. చేతిలోని మందుగిన్నె బల్ల మీద పెట్టాడు.

"నాకు ఇంగ్లీషు సక్కగ రాదమ్మా. ఒప్పుకుంట. ఈ ముసలోళ్ళ సంగతి మీకు తెల్వదు. జర ఆగి చూడుండ్రి."

"అబద్ధానికి ముసలివాళ్ళను అడ్డం పెట్టుకోకు."

అతను గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. పక్క మంచంలో ఈరమ్మ కొంగు తీసి, "ఊకో పంతులమ్మా, పిలగాడు మంచోడు" అంది. నేను ఊరుకునే రకం కాదు.

చైత్రం

రెండు వారాల తరువాత దొరసాని రాగానే నేనే చెప్పాను. కాంపౌండరు ఉన్నది ఉన్నట్టు చెప్పడం లేదని, తమకు అభ్యంతరం లేకపోతే నేను పడుకున్నచోటి నుంచే రెండు వైపులా సరిగా చెబుతానని. దేవదానం ఎదురుగానే చెప్పాను. వెనకాల మాట్లాడడం నాకు చేతకాదు. అది నా గొప్ప అనుకునేదాన్ని.

దొరసాని సంతోషించింది. యుద్ధం మూలంగా మందులు దొరకడం లేదట. అన్నీ సిపాయిలకే పోతున్నాయట. నిజంగా ఎవరికెంత అవసరమో తెలిస్తే మూడు నెలలకు సరిపడా మందులకు ఇండెంటు ఆ ప్రకారం పంపుతానంది.

"ఈరమ్మా, నొప్పి ఎంత ఉంది? నిజం చెప్పు. దేవుడు వింటున్నాడు" అన్నాను.

ఈరమ్మ నన్ను చూసింది. దొరసాని బూట్లు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ మార్తమ్మను చూసింది. కొంగు పిడికిట్లో పెట్టుకుంది.

"జర ఉన్నదమ్మా. నడుస్తది."

కొంచెం ఉందట, ఓర్చుకోగలనంటోంది అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. దొరసాని పదిహేను తుడిచి ఐదు వేసింది. లచ్చమ్మకు పది పోయి మూడు. కిటికీ కింది ఆమెకు అసలు అంకే లేదు. సుద్దపొడి నా దుప్పటి మీద కూడా రాలింది. దేవదానం గోడకు ఆనుకుని నిలబడి పలకలు చూస్తున్నాడు. దొరసాని నా చెయ్యి నొక్కి, నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే నా పని ఎంత తేలికయ్యేదో అంది.

ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది. ఆ సంగతి కూడా దాచకుండా రాయాలి.

దొరసాని మళ్ళీ వచ్చిన గురువారం కూడా అదే అడిగాను. అదే జవాబు. అదే ఐదు. ఇండెంటు కాగితం మీద దొరసాని నా మంచం పక్కనే కూర్చుని అంకెలు వేసింది. మొత్తం మునుపటిలో సగం కూడా లేదు. నేనే కూడి చూపించాను.

నా ఇరవై మాత్రం ఇరవైగానే ఉంది. నేను ఇంగ్లీషులో మూలిగాను కదా.

వైశాఖం

ఎండ పెంకుల్లోంచి దిగేది. ఈరమ్మ నాతో పరాచికాలాడడం మానేసింది. నేను ఏదైనా అంటే వినపడనట్టు ఉండేది. ముసలితనం, చెవుడు వస్తోందనుకున్నాను. పగలంతా మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక మధ్యాహ్నం మార్తమ్మ భోజనానికి పోయింది. హాల్లో అందరూ కునుకుతున్నారు. ఈరమ్మ దిక్కు నుంచి బట్ట చినిగే చప్పుడు వచ్చింది. తల తిప్పి చూశాను. ఆమె కొంగు పళ్ళ మధ్య గట్టిగా బిగించింది. దవడ రాయిలా ఉంది. కంట్లో నీళ్ళు లేవు, ఒంటి మీద మాత్రం చెమట కారిపోతోంది. కొంగు చివర జానెడు మేర పోగులు పోగులుగా ఊడి ఉంది. పోగుల మీద ఎర్రగా మరక.

"ఈరమ్మా! ఏమిటది? పంటికి దెబ్బ తగిలిందా?"

ఆమె కొంగు తీయడానికి చాలాసేపు పట్టింది.

"మెల్లగ మాట్లాడు. మార్తమ్మ ఇంటది."

"ఇంత నొప్పి ఉంటే నాకెందుకు చెప్పలేదు? దేవుడి పేరు పెట్టి అడిగాను కదా?"

"దేవునికి నువ్వు చెప్పాల్నా ఏంది? ఆయనకు ఎరుకనే." ఊపిరి తీసుకుంది. "నొస్తున్నదని చెప్పుడు నాకు రాదు బిడ్డా. కలుపు తీస్తున్నప్పుడు నడుము నొస్తున్నదన్న ఆడమనిషిని పటేలు రేపటికి పిలుస్తడా? పిలువడు. నా పెద్దకొడుకు కడుపుల ఉన్నప్పుడు నొప్పులు మొదలైనయి. సాలు కడదాక తీసి, గట్టు మీదికి పోయి కన్న. కొంగు నోట్ల వెట్టుకున్న. మేమందరం గట్లనే. పెద్దోళ్ళు అడిగితే నడుస్తున్నదనాలె. గదే నేర్సుకున్నం."

"ఇక్కడ పటేలు లేడు కదే!"

"మూల్గితే ఇంటికి పంపుతరని మార్తమ్మ చెప్పలేదా? ఇంటికి పోతే నా బిడ్డ సవారి కూలి బంద్ వెట్టి నా కాడ కూసోవాలె. అది కూసుంటే దాని పిల్లలేం తింటరు? ఈడ నోరు మూసుకోని పడుంటే అందరికి మంచిది."

ఒక్కటే అడగగలిగాను.

"మరి దేవదానం... అతనికి ఎట్లా తెలుసు?"

"వాని తల్లి, నేను ఒక్క సాలున కలుపు తీసినోళ్ళం. ఆడు నోరు అడుగుతడు, కొంగు సూస్తడు. నేను నడుస్తున్నదంట. ఆడు ఏం చెప్తడో నాకు తెల్వదు గాని, సుక్కలైతే వస్తుండె." మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నిన్ను ఏమనను పంతులమ్మా. నువ్వు నేను చెప్పిందే చెప్పినవు. నీ తప్పేమున్నది?"

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి.

ఆ సాయంత్రం దేవదానం ఇటుకలు సరిచేయడానికి వచ్చాడు. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. ఎట్లాగో అడిగాను.

"నా సంగతి ఇడిసిపెట్టుండ్రి అమ్మా" అన్నాడు. "సీసాల ఎంతున్నదో అది సూడాలె."

గురువారం రాగానే దొరసానికి మొత్తం చెప్పాను. ఈసారి నా ఇంగ్లీషు తడబడింది. ఆమె ఓపిగ్గా విన్నది. విని, మెల్లగా, నువ్వు చెప్పిన లెక్క ప్రకారమే ఇండెంటు పంపాను, వచ్చింది కూడా అంతే, మళ్ళీ రావాలంటే ఇంకా రెండు నెలలు అంది. అందులో కోపం లేదు. అలసట ఉంది.

"నా ఇరవై ఆమెకు ఇవ్వండి."

నాకు ఆ చుక్కల అవసరం తీరి చాలా రోజులైందని, నేను అడుగుతున్నాను కాబట్టే ఇస్తోందని అప్పుడు చెప్పింది. నా పలక తుడిచింది. ఆ ఇరవై ఈరమ్మ ఒక్కదానికే రాయలేదు. ఆమె కాక పలకల మీద అంకెలు తగ్గినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. పంచితే ఈరమ్మకు నాలుగు ఎక్కువ వచ్చాయి. గడ్డ అప్పటికి పెరిగి ఉంది. ఆ తొమ్మిది చుక్కలు ఒక గంట కూడా నిలవలేదు.

దేవదానం చేయగలిగింది చేశాడు. పాత ధోవతి చింపి, మెత్తగా మడతపెట్టి, కుండనీళ్ళల్లో తడిపి ఆమె పళ్ళ మధ్య పెట్టడానికి తెచ్చేవాడు. "ఇది నములు పెద్దవ్వా, చీర పాడైతది" అనేవాడు. చీర గురించి మాట్లాడితే ఆమె వినేది. నొప్పి గురించి మాట్లాడితే వినేది కాదు.

ఐదు రోజులకు సవారమ్మ వచ్చింది. తల్లిని చూసింది, కొంగు చూసింది. ఒక్క ప్రశ్న వేయలేదు. మరునాడు మళ్ళీ వచ్చింది. రొంటిన ముడి వేసుకుని నల్లమందు తెచ్చింది. సర్కారు లైసెన్సు దుకాణంలో కొన్నదే. మా వైపు చంటిపిల్లలకు కూడా ఆవగింజంత పెట్టి పడుకోబెడతారు, కొత్తేమీ కాదు. కాని ఈ ఇంట్లో బయటి మందు పెట్టకూడదని నియమం. సవారమ్మ తల్లి పక్కన కూర్చుని వేలి కొసతో మినపగింజంత నాలుక కింద పెట్టింది. దేవదానం ఆ సమయానికి సీసాలు కడగడానికి అటు తిరిగి నిలబడ్డాడు. ఒకే సీసా చాలాసేపు కడిగాడు.

మార్తమ్మ సాయంత్రం వచ్చింది. ఈరమ్మ కాళ్ళు చాపుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నేను వచ్చిన తరువాత ఆమె కాళ్ళు చాపుకోవడం చూడ్డం అదే మొదటిసారి. మార్తమ్మ ఆమె కనురెప్ప ఎత్తి చూసింది, వాసన చూసింది. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మీరు అబద్ధం చెప్పరు, నాకు తెలుసండీ. కూతురేమైనా పెట్టిందా?"

సవారమ్మ మంచం కోడు పట్టుకుని నన్నే చూస్తోంది.

"లేదు" అన్నాను. "తల్లికి గంజి తాగించింది. అంతే."

నా జీవితంలో నేను ఇంకొకరి కోసం చెప్పిన మొదటి అబద్ధం అది. మార్తమ్మ నమ్మిందని నేను అనుకోను. "గంజి మంచిదేనండీ. రేపు కూడా తాగించమనండి" అని వెళ్ళిపోయింది.

సవారమ్మ కూలి మానుకుని తొమ్మిది రోజులు ఉంది. ఈరమ్మ భయపడ్డదే అయింది. పిల్లలకు పక్కింటివాళ్ళు జొన్నసంకటి పెట్టారట. ఆ తొమ్మిది రోజుల్లో ఈరమ్మ రెండుసార్లు కళ్ళు తెరిచి నాతో మాట్లాడింది. ఒకసారి, "నీ ఇటుకలు ఇంక ఊగుతున్నయా?" అని. ఇంకోసారి, "జర కేకలు తగ్గించు, నిద్రల లేపుతున్నవ్" అని. పదో రోజు పొద్దున సూర్యుడు కిటికీలోకి రాకముందే పోయింది.

నేను ఐదు వేయించిన గురువారం నుంచి సవారమ్మ ముడి విప్పిన రోజు దాకా ముప్పైనాలుగు రోజులు. నాకు లెక్కలు తప్పవు. ఆమెకు నొప్పి తెలియకుండా ఉండగలిగిన ముప్పైనాలుగు రోజులు అవి. నేను ఒక్క మాట తప్పకుండా అనువాదం చేసినందుకు పోయాయి.

సవారమ్మ తల్లి చీరలు రెండూ మడతపెట్టింది. కొంగు నమిలిన చీర విప్పి చూసి, పాడైన జానెడు ముక్క చర్రున చింపి మంచం మీద పడేసింది. "చీర ఇంక రెండేండ్లొస్తది" అంది. మిగతాది సంకలో పెట్టుకుని ఇటిక్యాల దారి పట్టింది.

జ్యేష్ఠం

ఇటుకలు తీసేశారు. చేతికర్ర ఇచ్చారు. పోయే ముందు గురువారం దొరసాని వచ్చింది. ఆ చింపిన పీలిక ఆమె చేతిలో పెట్టాను. ఎండి గట్టిపడిన పోగులు, మరక. ఇదేమిటని అడిగింది.

"నొప్పి ఎంత ఉందని ఈరమ్మను మీరు అడిగారు. ఇదీ ఆమె జవాబు. నేను మీకు ఇది చెప్పలేదు" అన్నాను.

ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. తిరిగి వచ్చి దేవదానాన్ని పిలిచింది. అతను లచ్చమ్మ మంచం దగ్గర నిలబడి, "ఎట్లున్నవ్ లచ్చమ్మా?" అన్నాడు. "మంచిగనే ఉన్న" అంది లచ్చమ్మ. అతను కొంగు చూశాడు. ఈసారి దొరసాని కూడా వంగి చూసింది. సీసాలో ఉన్నది కొంచెమే. అయినా సుద్దముక్క తీసింది.

వనపర్తి ఇంటికి చేరేసరికి చంటిపిల్లకు రెండు నెలలు. నన్ను చూడడానికి బడి పెద్దలు, పాత శిష్యురాళ్ళు, వాళ్ళ తల్లులు వచ్చారు. బండి కుదుపులకు తుంటిలో మళ్ళీ ఆ కొడవలి తిరుగుతోంది. అందరూ కూర్చుని ఉన్నారు. ఒక పెద్దాయన, "ఇప్పుడు నొప్పి ఏమైనా ఉన్నదా అమ్మా?" అన్నాడు.

"అబ్బే, ఏం లేదండీ. నడుస్తోంది" అన్నాను.

నా నోటినుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. మంచంలో అంత కేకలు వేసినదాన్ని, అంతమంది ముందు, కూర్చోబెట్టి గౌరవిస్తున్న మనుషుల ముందు, ఇంకా నొప్పంటే బడి కొలువు పోతుందేమోనన్న భయంతో ఆ మాటే అన్నాను. వాళ్ళు సంతోషించి మాటల్లో పడ్డారు.

రూతమ్మ చంకలో పిల్లతో గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖం వైపు చూడలేదు. ఒళ్ళోకి చూసింది. నేనూ చూసుకున్నాను. నా కొంగు చివర వేళ్ళకు మూడు చుట్లు చుట్టి, పిండి పిండి తాడులా చేసి ఉంది.

ఆమె పిల్లను శామ్యూలు ఒళ్ళో పెట్టింది. "ఇగ లేవుండ్రయ్యా, వదినె పండుకోవాలె" అని పెద్దమనుషులను లేపింది. లోపలికి పోయి పెనం మీద ఉప్పు వేడిచేసి మూట కట్టుకుని వచ్చింది. ఏమీ అడగకుండా, సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెట్టింది.